తలకోనకు సర్దిన బ్యాగు హర్ కీ దూన్‌కు పనికిరాదు

ప్రశ్న: మేం నలుగురం తిరుపతిలో ఒకే ఆఫీసులో పని చేస్తాం. డిసెంబరులో తలకోన వెళ్లి రెండు రోజులు అక్కడి అడవి దారుల్లో నడవాలనుకుంటున్నాం. రాత్రి బస అటవీ శాఖ గదుల్లో. మే నెలలో ఉత్తరాఖండ్‌లోని హర్ కీ దూన్‌కు ఆరు రోజుల ట్రెక్ ఉంది. అక్కడ గైడ్ ఉంటాడు గానీ తిండి మేమే మోసుకెళ్లి వండుకోవాలి. పోయినసారి నాగలాపురం వైపు వెళ్లినప్పుడు కప్ నూడుల్స్, బిస్కెట్లు, చిప్స్, చాక్లెట్లు కొనుక్కుపోయాం. చాక్లెట్లు కరిగి ముద్దయ్యాయి. చిప్స్ తిన్నాక దాహం ఆగలేదు, మధ్యాహ్నానికే నీళ్లయిపోయాయి. నూడుల్స్ కట్ట విప్పకుండానే ఇంటికి తెచ్చాం. మామూలు సూపర్‌మార్కెట్‌లో దొరికే ప్యాకెట్లలో ఏవి కొనాలి? ఆన్‌లైన్‌లో ఫ్రీజ్ డ్రైడ్ అని ఖరీదైనవి కనిపిస్తున్నాయి, అవి లేకపోతే కుదరదా? మాలో ఒకరు శాకాహారి. ఇంకొకరికి షుగర్ ఉంది, మాత్రలు వాడుతున్నారు.
– ఒక పాఠకురాలు, తిరుపతి

సమాధానం: మీరు కొన్నవి చెడ్డ ప్యాకెట్లేమీ కావు. చోటుకు తగ్గవి కావు, అంతే. ప్యాకెట్ మీద 70 గ్రాములని రాసి ఉన్నంత మాత్రాన వీపు మీద పడేది 70 గ్రాములే అనుకోకండి. దాన్ని తినడానికి కావలసిన నీళ్లు, ఆ నీళ్లు కాచడానికి కావలసిన గ్యాసు, తిన్నాక అది రేపే దాహం అన్నీ దాని బరువులోకే వస్తాయి. 70 గ్రాముల నూడుల్స్‌కు 200 మిల్లీలీటర్లకు పైగా నీళ్లు కావాలి. నీళ్లు మోసుకుపోవలసిన కొండ మీద అది 270 గ్రాముల సరుకు. పక్కనే వాగు పారుతుంటే 70 గ్రాములే, దానికి తోడు కాస్త గ్యాసు. తలకోనలో మీరు నీళ్లను లెక్కపెట్టుకోవాలి. హర్ కీ దూన్‌లో గ్యాసును లెక్కపెట్టుకోవాలి. కాబట్టి ఒక్క జాబితాతో రెండు ప్రయాణాలకూ కొనకండి.

ముందుగా దుకాణంలో ప్యాకెట్ వెనక ఏం చూడాలో చెబుతాం. మన దేశంలో ప్యాకెట్ తిండి మీద 100 గ్రాములకు ఎంత శక్తి ఉందో కిలో కేలరీల్లో రాసి ఉంటుంది. ట్రెక్‌కు ముందుగా చూసుకోవలసిన అంకె అదే. కొవ్వు గ్రాముకు 9 కేలరీలు ఇస్తుంది, పిండిపదార్థం, ప్రొటీన్ 4 చొప్పున ఇస్తాయి. అందుకే నెయ్యి, చెనక్కాయలు, జీడిపప్పు తక్కువ బరువులో ఎక్కువ బలాన్ని మోస్తాయి. చెనక్కాయ గింజలు 100 గ్రాములకు 560 దాకా ఇస్తాయి. బెల్లం చిక్కీ 500కు అటూ ఇటూ, గ్లూకోజ్ బిస్కెట్లు 450, నూడుల్స్ 430, అటుకులు 350, ఖర్జూరం 290 దగ్గర ఉంటాయి. బ్రెడ్ 250 మాత్రమే, పైగా బ్యాగులో నలిగి పిండవుతుంది. మోయడానికి కొనే సరుకంతా కలిపి సగటున 100 గ్రాములకు 400 దాటేలా చూసుకోండి. ఖర్జూరం లాంటివి తక్కువున్నా ఫరవాలేదు, వాటి పని వేరు.

రెండో అంకె సోడియం. లేబుల్ మీద మిల్లీగ్రాముల్లో ఉంటుంది. దాన్ని రెండున్నరతో హెచ్చవేస్తే ఉప్పు ఎంతో తెలుస్తుంది. 1,000 మిల్లీగ్రాముల సోడియం అంటే రెండున్నర గ్రాముల ఉప్పు, అంటే రోజు మొత్తానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే 5 గ్రాముల పరిమితిలో సగం. చెమటలో ఉప్పు పోతుంది కాబట్టి నడిచే రోజున కొంత ఉప్పు కావలసిందే. కానీ నీళ్లు తక్కువున్న చోట చిప్స్, మసాలా పల్లీలు ఒకేసారి గుప్పిళ్లకొద్దీ తింటే దాహం పెరిగి బాటిల్ ఖాళీ అవుతుంది. నాగలాపురంలో మీకు జరిగింది ఇదే.

మూడోది, తయారీ విధానం రాసిన చోట ఒక్క మాట చూడండి: ‘వేడినీళ్లు పోసి మూత పెట్టండి’ అని ఉందా, ‘ఉడికించండి’ అని ఉందా? తలకోనకు ఈ రెండూ వద్దు. హర్ కీ దూన్‌కు మొదటిది కావాలి.

ఇక తలకోన సంగతి. అది శ్రీ వేంకటేశ్వర జాతీయ పార్కు పరిధిలోని అడవి. అక్కడ దారిలో స్టవ్ వెలిగించే ఆలోచనే పెట్టుకోవద్దు. ఎండుగడ్డి, ఎండిన వెదురు ఉన్న చోట ఒక్క నిప్పురవ్వ చాలు. అడవిలో నిప్పు పెట్టడం నేరం కూడా. ఎర్రచందనం దొంగరవాణా వల్ల శేషాచలం అడవుల్లో నిఘా గట్టిగా ఉంటుంది. అనుమతి ఉన్న దారి దాటి లోపలికి పోకండి, అనుమతి కాగితం దగ్గర పెట్టుకోండి. అంటే పగటి తిండి మొత్తం పొయ్యి అక్కర్లేనిదై ఉండాలి. ఉమ్మడి చిత్తూరు జిల్లావాళ్లకు ఇది కష్టమేమీ కాదు. ఇక్కడి అంగళ్లలో దొరికే చెనక్కాయ చిక్కీ, నిప్పట్లు, పప్పుల పొడి, అటుకులు దిగుమతి ఎనర్జీ బార్లు చేసే పనంతా చేస్తాయి.

పొయ్యి లేకుండా కడుపు నింపే భోజనం ఒకటి చెబుతాం. పల్చటి అటుకులు, కొన్ని అంగళ్లలో పేపర్ అటుకులంటారు, మనిషికి 80 గ్రాములు తూచి జిప్ కవర్‌లో పోయండి. మందపాటివి తీసుకోవద్దు, వాటిని కడిగి నానబెట్టాలంటే నీళ్లు వృథా. మార్కెట్‌లో పులిహోర పేస్టు దొరుకుతుంది, నూనె, చింతపండు, పోపు అన్నీ అందులోనే ఉంటాయి. పొడి రూపంలో ఉండే మిక్స్ అయితే విడిగా నూనె కాచి కలపాలి, కాబట్టి పేస్టే తీసుకోండి. మనిషికి రెండు టేబుల్ స్పూన్లు, వేయించిన చెనక్కాయ గింజలు 20 గ్రాములు. తినే ముందు అటుకుల కవర్‌లోనే పావు గ్లాసుకు కాస్త ఎక్కువ, అంటే 60 నుంచి 80 మిల్లీలీటర్ల నీళ్లు చిలకరించి, మూతి బిగించి, కవర్‌ను చేత్తో మెల్లగా అటూ ఇటూ దొర్లించండి. మూడు నాలుగు నిమిషాల్లో అటుకులు మెత్తబడతాయి. అప్పుడు పేస్టు, గింజలు వేసి మళ్లీ దొర్లించి, కవర్‌లోంచే స్పూనుతో తినండి. గిన్నె లేదు, కడిగే పని లేదు, దగ్గర దగ్గర 500 కేలరీలు వస్తాయి. నీళ్లు ఒకేసారి పోస్తే అడుగున ముద్దయి పైన పొడిగా ఉండిపోతుంది, అందుకే చిలకరించమన్నది. పేస్టు సీసాను బ్యాగులో నిలబెట్టినా నూనె కారుతుంది. మర మూతున్న చిన్న ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చి, మూత కింద పల్చటి కవర్ ముక్క వేసి బిగించి, దాన్ని రెండు కవర్లలో పెట్టండి.

మొదటి రోజు మధ్యాహ్నానికి ఇంటి పులిహోర తీసుకెళ్లొచ్చు. చింతపండు పులుపు, నూనె ఉంటాయి కాబట్టి ఆ పూటకు ఆగుతుంది. పెరుగన్నం మాత్రం వద్దు, బ్యాగు వేడికి మధ్యాహ్నానికే పులిసిపోతుంది. ఇంకో సంగతి, వండిన అన్నం ఏదైనా గంటలకొద్దీ వెచ్చగా ఉంటే అందులో బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా పెరుగుతుంది. దాని బీజాలు అన్నం ఉడికినా చావవు, అది విడిచే విషం మళ్లీ వేడి చేసినా పోదు. వాంతులు పట్టుకుంటాయి. కాబట్టి పులిహోరను పూర్తిగా చల్లారాకే కట్టండి, మిగిలితే రాత్రికి దాచకండి.

రాత్రి గదికి చేరాక తినడానికి రిటార్ట్ పౌచ్‌లు మంచివి. రాజ్మా, పప్పు, పులావ్, బిసిబేళ బాత్ పేర్లతో 300 గ్రాముల దరిదాపుల్లో వచ్చే వెండి రంగు సంచులవి. మన దేశంలో ఈ పద్ధతిని మైసూరులోని రక్షణ ఆహార పరిశోధన ప్రయోగశాల సైనికుల కోసం అభివృద్ధి చేసింది. వండిన కూరను అల్యూమినియం పొర ఉన్న సంచిలో మూసి, ఒత్తిడిలో 121 డిగ్రీల దగ్గర వేడి చేస్తారు. లోపల క్రిములు మిగలవు కాబట్టి ఫ్రిజ్ లేకుండానే నెలలు నిలుస్తుంది. వండినదే గనక వేడి చేయకుండానే తినొచ్చు. గదిలో వేడి నీళ్లు దొరికితే సంచిని పది నిమిషాలు అందులో ముంచండి చాలు. ట్రెక్ చేసేవాళ్లలో చాలామంది వీటిని బరువని తీసిపారేస్తారు. 100 గ్రాములకు 100 నుంచి 150 కేలరీలే, మిగతాదంతా నీళ్లన్నది నిజమే. అయితే నీళ్లు మోయక తప్పని చోట ఆ నీళ్లు కడుపులోకే పోతాయి, వృథా కాదు. హర్ కీ దూన్‌లో మాత్రం అది వృథా మోతే. ఒకటి గట్టిగా గుర్తుపెట్టుకోండి: పౌచ్ ఉబ్బి ఉన్నా, అతుకు దగ్గర జిగటగా ఉన్నా, మడత మీద చిన్న చిల్లున్నా, వాసన బాగానే ఉందని రుచి కూడా చూడొద్దు. గాలి లేని సంచిలో పెరిగే క్రిమి విషం ప్రాణం మీదికి తెస్తుంది, దానికి వాసన ఉండి తీరాలని లేదు. చిల్లు పడకుండా వీటిని స్పూన్లు, డబ్బా మూతలు ఉన్న అరలో కాకుండా బట్టల మధ్య పెట్టండి.

మధ్యమధ్యలో తినడానికి చిక్కీ, ఖర్జూరం, నిప్పట్లు, ఖాఖ్రా అనే కరకరలాడే పల్చటి గుజరాతీ రొట్టెలు. గంటకు, గంటన్నరకు ఒకసారి 30, 40 గ్రాములు తింటూ పోతే ఒకేసారి నీరసం రాదు. చాక్లెట్‌లోని కోకో వెన్న 34 డిగ్రీల లోపే కరుగుతుంది. డిసెంబరులో కూడా ఎండ పడే బ్యాగు లోపల ఆ వేడి వస్తుంది, కాబట్టి అది మన కొండలకు కాదు. చిక్కీ కరగదు గానీ బెల్లం గాలిలో తేమ పీల్చి జిగటవుతుంది. ఈశాన్య రుతుపవనాల వాన ముసురు డిసెంబరులో ఉంటుంది కదా, అందుకని చిన్న చిన్న ప్యాకెట్లుగా ఉన్న చిక్కీ కొనండి, తినేటప్పుడే ఒక్కోటి విప్పండి. చెనక్కాయలతో చేసినది ఏదైనా తయారీ తేదీ చూసి తాజాదే తీసుకోండి. నూనె గింజలు వేడికి త్వరగా చిక్కువాసన పడతాయి. గింజ చేదుగా ఉన్నా, బూజు వాసన వచ్చినా ఉమ్మేయాలి. అలాంటి గింజల్లో అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం ఉండొచ్చు. ఎండుకొబ్బరి వేసిన పప్పుల పొడి కూడా అంతే, రెండు వారాల్లోపు తయారైనదే కొనండి.

నీళ్లు మనిషికి రోజుకు మూడు నుంచి నాలుగు లీటర్లు పెట్టుకోండి. డిసెంబరులో వాగులు పారుతుంటాయి గానీ ఆ నీళ్లు అలాగే తాగకండి. క్లోరిన్ మాత్ర వేసి 30 నిమిషాలు ఆగాలి, మాత్ర ఎన్ని లీటర్లకో పట్టీ మీద చూసుకోవాలి. చెమట బాగా పట్టినప్పుడు ఓఆర్ఎస్ పొడి మందుల షాపులోనే కొనండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లీటరుకు కలిపే పొట్లం 20.5 గ్రాములుంటుంది, అందులో గ్లూకోజ్ 13.5, ఉప్పు 2.6 గ్రాములు. అట్టపెట్టెల్లో చక్కెర నీళ్లకు ఓఆర్ఎస్ అనే మాట తగిలించి అమ్మేవాళ్లు. పానీయాల పేర్లలో ఆ మాట వాడకూడదని 2025 అక్టోబరులో దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆదేశించింది. పాత సరుకు ఎక్కడైనా కనిపిస్తే మోసపోకండి. లీటరు పొట్లాన్ని అర లీటరు బాటిల్‌లో కలిపితే బలం ఎక్కువ కాదు, ఉప్పు ఎక్కువై కడుపులో తిప్పుతుంది.

తలకోనలో కోతులున్నాయి. క్యారీ బ్యాగు చేతిలో కనిపిస్తే లాక్కుపోతాయి. తిండి అంతా బ్యాగు లోపలే, జిప్పు మూసి ఉండాలి. తినేటప్పుడు ఒక్కొక్కరు ఒక్కో ప్యాకెట్ మాత్రమే బయటికి తీయండి. మిగిలింది వాటికి విసరకండి. తినుబండారాల వ్యర్థాలకు కోతులు, కుక్కలు, జింకలు చేరతాయి, వాటి వెనక చిరుత వస్తుంది. అలిపిరి నడకదారిలో 2023లో జరిగిన దాడుల తర్వాత ఈ సంగతి తిరుపతిలో అందరికీ తెలిసిందే. నూడుల్స్ మసాలా పొట్లం మూల చించి పడేసే ఆ చిన్న ముక్క కూడా అడవిలో చెత్తే. ప్యాకెట్ మూలను పూర్తిగా తెంపకుండా కొనకు అంటి ఉండేలా చించితే ఆ ముక్క నేల మీద పడదు.

ఇప్పుడు హర్ కీ దూన్. ఎత్తు సుమారు 3,566 మీటర్లు. పైకి పోయేకొద్దీ దాదాపు ప్రతి 300 మీటర్లకు నీళ్లు మరిగే వేడి ఒక డిగ్రీ తగ్గుతుంది. అంటే అక్కడ నీళ్లు 88 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. ఎంత మంట పెట్టినా గిన్నెలో వేడి అంతకు మించదు. అందువల్ల పచ్చి పప్పు పడిన ఏ ప్యాకెట్టూ అక్కడ పనికిరాదు. పొంగల్ మిక్స్, పచ్చి బియ్యం, పప్పు కలిపిన కిచిడీ మిక్స్ కొని పోతే ప్రెషర్ కుక్కర్ లేకుండా గంటసేపు గ్యాసు కాల్చినా పలుకు పలుకుగానే ఉంటుంది. రవ్వ, సేమియా, అటుకులు, ఓట్స్ మాత్రం ఉడుకుతాయి, ఎందుకంటే పిండి మెత్తబడటానికి 70 డిగ్రీల పైచిలుకు వేడి చాలు. నూడుల్స్‌ను ఫ్యాక్టరీలోనే ఆవిరి మీద ఉడికించి నూనెలో వేయిస్తారు, కాబట్టి అక్కడా అవుతాయి, రెండు నిమిషాలకు బదులు నాలుగైదు పడుతుంది. అయితే కప్పుల్లో వచ్చేవి వద్దు. చోటు మింగేస్తాయి, ఖాళీ కప్పులన్నీ వెనక్కి మోయాలి. మామూలు ప్యాకెట్లే తీసుకోండి.

పొద్దుటికి, వేడినీళ్లు పోసి మూడు నిమిషాలు మూత పెడితే అయ్యే ఉప్మా, పోహా ప్యాకెట్లున్నాయి కదా, అవి సరిగ్గా సరిపోతాయి. ఒక్కో దానిలో 60 నుంచి 80 గ్రాములుంటుంది. ప్యాకెట్ మీద చెప్పిన సమయానికి అక్కడ రెట్టింపు వేసుకోండి, గిన్నెను స్వెటర్‌లోనో మఫ్లర్‌లోనో చుట్టి పెట్టండి. తొందరపడి తింటే రవ్వ కడుపులో ఉబ్బుతుంది.

ఫ్రీజ్ డ్రైడ్ గురించి అడిగారు. వండిన అన్నం, కూరను గడ్డకట్టించి, గాలి తీసేసిన గదిలో ఆ మంచును నీరు కానివ్వకుండా నేరుగా ఆవిరిగా పోగొడతారు. మంచు ఉన్న చోటల్లా సన్నని రంధ్రాలు మిగులుతాయి, వేడినీళ్లు పోయగానే వాటిలోకి నీరు దూరి ఎనిమిది పది నిమిషాల్లో మళ్లీ భోజనమవుతుంది. వేడిగాలిలో ఆరబెట్టినవి ముడుచుకుపోతాయి, అవి నానడానికి ఎక్కువసేపు పడుతుంది, బఠాణీ, బీన్స్ ముక్కలు ఒక్కోసారి గట్టిగానే మిగులుతాయి. ఆరు రోజులకూ ఫ్రీజ్ డ్రైడ్ కొనడం అనవసరపు ఖర్చని మా ఉద్దేశం. బాగా అలసిపోయి, చలికి చేతులు కదలని రెండు రాత్రుల కోసం, హర్ కీ దూన్ చేరిన రాత్రికి, దాని ముందు రాత్రికి, మనిషికి రెండు చొప్పున కొనండి. మిగతా రోజులకు మామూలు అంగడి సరుకే చాలు.

ఒక మనిషికి ఒక రోజు లెక్క ఇలా వేసుకోవచ్చు. పొద్దున ఉప్మా లేదా పోహా 80 గ్రాములు, మీద 10 గ్రాముల నెయ్యి, టీకి పాలపొడి 25, చక్కెర 20. దారిలో చిక్కీ 60, జీడిపప్పు, చెనక్కాయలు కలిపి 60, ఖర్జూరం 50, ఖాఖ్రా 60. సాయంత్రం గుడారం చేరగానే సూప్ పొట్లం 15, ఆ తర్వాత రెండు ప్యాకెట్ల నూడుల్స్ 140, మీద పప్పుల పొడి 25, నెయ్యి 15. మొత్తం 560 గ్రాములు, కేలరీలు 2,500 చిల్లర. నలుగురికి ఆరు రోజులకు 13 కిలోల 440 గ్రాములు, తలా మూడు కిలోల పైన. ఒకరికి ఇంకా ఆకలి వేస్తే నెయ్యి, గింజలు పెంచండి, బిస్కెట్లు కాదు. వాతావరణం చెడి ఒక రోజు ఆగిపోతే పనికొచ్చేలా నలుగురికీ కలిపి ఎనిమిది నూడుల్స్ ప్యాకెట్లు, అర కిలో చిక్కీ విడిగా కట్టిపెట్టండి. చివరి రోజు దాకా దాన్ని ముట్టుకోవద్దు.

మూడో రోజుకు తీపి మొహం మొత్తుతుంది. ఎత్తుకు ఆకలి మందగిస్తుంది, ఇంట్లో అలవాటు లేని రుచి అప్పుడు గొంతు దిగదు. ఇక్కడే మన పులిహోర పేస్టు, ఊరగాయ పొట్లాలు, పప్పుల పొడి ఆదుకుంటాయి. విదేశీ రుచుల ప్యాకెట్లు ఎంత బలమైనవైనా తినకపోతే ప్రయోజనం లేదు. స్వామివారి లడ్డూ ఇంట్లో ఉంటే తీసుకెళ్లండి, పైన తలా కాస్త పంచుకోండి. రోజు లెక్కలో మాత్రం వేయకండి. కానీ ఆకలి లేకపోవడంతో పాటు తలనొప్పి, వాంతి, తూలడం ఉంటే అది తిండి సమస్య కాదు, ఎత్తు పడకపోవడం. ఇంకేం తినిపించాలా అని ఆలోచించకుండా గైడ్‌కు చెప్పి కిందికి దించండి.

గ్యాసు డబ్బా తిరుపతి నుంచి తీసుకెళ్లలేరు. రైల్లో మండే సరుకు నిషేధం, విమానంలో ఏ సామానులోనూ అనుమతించరు. డెహ్రాడూన్‌లో కొనుక్కోండి. నలుగురికి పొద్దున రెండున్నర లీటర్లు, సాయంత్రం మూడు లీటర్లు కాచుకుంటే, చలి, గాలి కలుపుకుని లీటరుకు 15 నుంచి 20 గ్రాముల గ్యాసు వేసుకోండి. రోజుకు వంద గ్రాములు, ఆరు రోజులకు 600. అంటే 230 గ్రాముల డబ్బాలు మూడు. మూత పెట్టకుండా కాస్తే ఈ లెక్క తప్పుతుంది. ఉత్త బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గరే ఆవిరి కావడం మానేస్తుంది, డబ్బా మీద ప్రొపేన్ లేదా ఐసోబ్యూటేన్ కలిపినట్టు ఉందో లేదో చూసి కొనండి. రాత్రి డబ్బాను స్లీపింగ్ బ్యాగు పక్కన పెట్టుకుంటే పొద్దున మంట బాగా వస్తుంది. డబ్బా మీదే కూర్చునే స్టవ్ అయితే గాలికి అడ్డుగా రేకు చుట్టూ మూసేయకండి, వేడి లోపలే నిలిచి డబ్బా పేలొచ్చు. గుడారం లోపల అసలు వెలిగించవద్దు.

అంత ఎత్తులో గాలి ఒత్తిడి మన ఊళ్లో ఉన్నదానికి మూడో వంతు తక్కువ. గాలి నింపి మూసిన ప్యాకెట్లన్నీ బెలూన్లలా ఉబ్బుతాయి, కొన్ని పగులుతాయి. అందుకే బయల్దేరే ముందే ప్యాకెట్లు విప్పి, జిప్ కవర్లలోకి మార్చి, గాలి నొక్కి తీసేయండి. అట్టపెట్టెలు ఇంట్లోనే వదిలేయండి. తయారీ విధానం, గడువు తేదీ, పదార్థాల జాబితా ఉన్న ముక్కను కత్తిరించి అదే కవర్‌లో వేయండి. లేకపోతే నాలుగో రోజు ఏ పొడి ఏదో తెలియదు. నూడుల్స్ మసాలా పొట్లాలన్నీ ఇంట్లోనే కత్తిరించి ఒకే చిన్న డబ్బాలో పోసుకోండి, ఒక ప్యాకెట్‌కు ఎన్ని స్పూన్లో మూత మీద రాయండి. నలుగురి ఒక రోజు తిండంతా ఒకే పెద్ద కవర్‌లో పెట్టి రోజు అంకె వేయండి. పొద్దున ఆ ఒక్క కవర్ తీస్తే చాలు, బ్యాగంతా వెతకక్కర్లేదు. రిటార్ట్ పౌచ్‌లను, ఫ్రీజ్ డ్రైడ్ సంచులను మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ విప్పి మార్చకండి. పాలపొడిని ముందు చల్లటి నీళ్లలో ముద్దలా కలిపి, తర్వాత వేడినీళ్లు పోస్తే ఉండలు కట్టదు.

శాకాహారి స్నేహితులకు ఆకుపచ్చ చుక్క చాలు. నూడుల్స్, సూప్ పొట్లాల్లో రుచుల పేర్లు దగ్గర దగ్గరగా ఉంటాయి, తొందరలో గోధుమ రంగు త్రిభుజం ఉన్నది చేతికొస్తుంది. గుడ్డు పడినా ఆ గుర్తే ఉంటుంది. ప్రొటీన్ బార్లు కొంటే పదార్థాల్లో మాల్టిటాల్ ఉందేమో చూడండి. తీపికోసం వేసే ఆ పదార్థం ఎక్కువైతే కడుపు ఉబ్బి విరేచనాలవుతాయి, అడవిలో అది చిన్న ఇబ్బంది కాదు.

షుగర్ ఉన్నవాళ్లు ట్రెక్ తేదీ చెప్పి డాక్టర్‌తో మాత్రల మోతాదు గురించి ముందే మాట్లాడాలి. కొన్ని మాత్రలు, రోజంతా నడక, ఆలస్యమైన భోజనం మూడూ కలిస్తే చక్కెర బాగా పడిపోతుంది. ‘షుగర్ ఫ్రీ’ బిస్కెట్లు వాళ్ల కోసం ప్రత్యేకంగా కొనక్కర్లేదు, అందులో మైదా అలాగే ఉంటుంది. వాళ్ల భాగంలో చిక్కీ, ఖర్జూరం తగ్గించి గింజలు, ఖాఖ్రా, వేయించిన శనగలు పెంచండి. చెమటలు, వణుకు, తడబాటు కనిపిస్తే 15 గ్రాముల చక్కెర, అంటే మూడు టీ స్పూన్లు, లేదా గ్లూకోజ్ పొడి నీళ్లలో కలిపి వెంటనే ఇవ్వాలి, 15 నిమిషాల్లో తేరుకోకపోతే మళ్లీ ఇవ్వాలి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకండి. చాక్లెట్, చిక్కీ ఇందుకు పనికిరావు, వాటిలోని కొవ్వు చక్కెరను ఆలస్యంగా ఎక్కిస్తుంది. ఆ పొట్లం వాళ్ల బ్యాగు పై జేబులోనే ఉండాలి, అదెక్కడుందో మిగతా ముగ్గురికీ తెలియాలి.

మే నెలకు పెద్ద మొత్తంలో కొనకముందు ఒక ఆదివారం నిండు బ్యాగులతో శ్రీవారి మెట్టు ఎక్కండి. 2,388 మెట్లున్నాయి, బరువు భుజం మీద ఎలా పడుతుందో తెలియడానికి సరిపోతుంది. కొండ మీద ప్లాస్టిక్ నీళ్ల బాటిళ్లు, మాంసం, గుడ్డు పడిన తిండి నిషేధం. కాబట్టి స్టీలు బాటిళ్లు, ఆకుపచ్చ చుక్క సరుకే పట్టుకెళ్లండి. ఆ రోజు పొద్దుటి నుంచి రాత్రి దాకా నలుగురూ పైన చెప్పిన 560 గ్రాముల సరుకే తినండి, నూడుల్స్ ఇంటికొచ్చాక చేసుకోండి. ఎవరు ఏది సగంలో వదిలేశారో, ఎవరికి కడుపు ఉబ్బిందో, ఎవరికి ఎప్పుడు దాహం ఎక్కువైందో రాసుకోండి. వదిలేసిన సరుకును వాళ్ల కవర్లలోంచి తీసేసి, అన్ని గ్రాములూ వాళ్లు ఇష్టంగా తిన్నదానితో నింపండి. మే ఎండల్లో తిరుపతి ఇళ్లలో గింజలు, నెయ్యి త్వరగా పాడవుతాయి కాబట్టి, కొనుగోలు మొత్తం రైలెక్కే వారం ముందు చేయండి.